మత సామరస్య సాహిత్యం: రెండో గొంతు ఎవరిది?

మత సామరస్యం మీద తెలుగులో కథలకూ కవితలకూ కొదవ లేదు. ఎక్కడ మతకలహం జరిగినా ఆర్నెల్లు తిరక్కముందే ఒక సంకలనం వెలువడుతుంది. సభలు జరుగుతాయి, తీర్మానాలు జరుగుతాయి. ఈ రచనల వెనుక వున్న సదుద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. కానీ ఉద్దేశం మంచిదైనంత మాత్రాన రచన మంచిదైపోదన్నది విమర్శలో మొదటి పాఠం. మత సామరస్య సాహిత్యం విషయంలో మాత్రం మనం ఆ పాఠాన్ని పక్కన పెడుతూ వచ్చాం. వస్తువు పవిత్రమైనది కదా అని శిల్పాన్ని గురించి గానీ, వస్తువులో దాగివున్న దృక్పథాన్ని గురించి గానీ గట్టిగా అడగలేదు.

ఫలితంగా ఒక మూస స్థిరపడింది. కథలో ఒక ముస్లిం వుంటాడు. అతను వూళ్లో అందరికంటే మంచివాడు. కలహం నాడు హిందువుల పిల్లవాణ్ణి ఇంట్లో దాచి కాపాడతాడు. లేదా ఆస్పత్రిలో రక్తం ఇస్తాడు. లేదా రామాలయం గోపురానికి తన కూలి డబ్బులు ఇచ్చి, చివరకు అల్లరి మూక చేతిలో చనిపోతాడు. చదివినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీరు అబద్ధమని అనలేం. అయితే ఆ ముస్లిం పాత్ర కథలో బతకడానికి తన మంచితనంతో అద్దె కడుతున్నదన్న సంగతి గమనించాలి. కోపం తెచ్చుకునే హక్కు దానికి లేదు. మామూలు మనిషిలా చిన్నబుద్ధి చూపే హక్కు లేదు. నా మంచితనాన్ని మీరెందుకు పరీక్షిస్తున్నారు అని అడిగే హక్కు అసలే లేదు. అదే కథలోని హిందూ పాత్రలకు ఈ హక్కులన్నీ పుట్టుకతోనే వున్నాయి.

సహనానికీ సంభాషణకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. సహనం ఒకరు ఇచ్చేది, మరొకరు పుచ్చుకునేది. ఇచ్చేవాడి చేయి పైన వుంటుంది. సంభాషణకు మాట్లాడేవాళ్లు ఇద్దరు కావాలి. కాబట్టి మతాల మధ్య, సంస్కృతుల మధ్య మాటామంతీ నడిపామని చెప్పుకునే ప్రతి రచననూ మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, మౌనంగా వున్నది ఎవరు? రెండో మనిషికి కాదనే హక్కు వున్నదా? సంభాషణ ముగిసిన తర్వాత మొదటి మనిషి భాషలో, ఆలోచనలో ఏమైనా మారిందా? ఈ మూడో ప్రశ్న సాహిత్యానికి చాలా ముఖ్యమైనది. మాట నిజంగా జరిగివుంటే దాని గుర్తు భాషలో మిగలకుండా వుండదు.

ఈ ప్రశ్నలు వేసి చూడటానికి వైరా చుట్టుపక్కల ప్రాంతం కంటే తగిన చోటు మరొకటి తోచదు. ఖమ్మం మైదానం నుంచి భద్రాచలం అడవికి పోయే దారిలో వున్న వూరు వైరా. నిజాం కాలంలో కట్టిన జలాశయం కింద వరి పండించే పల్లెలు ఇటువైపు, కోయ గూడేలు అటువైపు. శ్రీరామనవమికి కాలినడకన భద్రాద్రి పోయే జనం ఈ దారినే పోతారు. రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఈ జిల్లాలోదే. ఇల్లెందు దగ్గర సత్యనారాయణపురంలో నాగుల్ మీరా దర్గా ఉర్సుకు అన్ని కులాలవాళ్లూ పోతారు. ఖమ్మానికి ఆవల డోర్నకల్‌లో గుడి, మసీదు, చర్చి మూడూ కలిసిన ప్రార్థనా మందిరం వుంది. తెలుగులో ముస్లిం జీవితాన్ని కవిత్వం చేసినవాళ్లలో ముఖ్యులైన అఫ్సర్‌ది చింతకాని, యాకూబ్‌ది కారేపల్లి మండలంలోని రొట్టమాకురేవు. ఈ కారేపల్లి వైరా శాసనసభ నియోజకవర్గంలోదే. నాలుగు వందల ఏళ్ల సంభాషణ చరిత్ర ఒక రోజు బస్సు ప్రయాణంలో దొరుకుతుంది.

మొదట భద్రాచలం కథనే ఒక సాహిత్య పాఠంగా తీసుకుందాం. భద్రిరెడ్డిపాలెంలో వుండే పోకల దమ్మక్క అనే కోయ స్త్రీకి పుట్టలో విగ్రహాలు కనిపించాయి. ఆమె తాటాకు పందిరి వేసి, పండో కాయో నైవేద్యం పెట్టి పూజించింది. తర్వాత పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన గోపన్న సర్కారు పన్ను సొమ్ముతో గుడి కట్టించాడు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అతణ్ణి ఖైదు చేయించాడు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి గోపన్నను విడిపించారు. మధ్యలో కబీరు దాసు వచ్చి గోపన్నకు తారక మంత్రం ఉపదేశించాడు. ఇదీ కథ. కోయ స్త్రీ, నియోగి బ్రాహ్మణుడు, సాలెవాడైన కబీరు, షియా సుల్తాను ఒకే కథలోకి వచ్చిన సందర్భం తెలుగులో మరొకటి లేదు.

చరిత్ర లెక్క చూస్తే కబీరు పదిహేనో శతాబ్దం వాడు, గోపన్న పదిహేడో శతాబ్దం వాడు. వాళ్లిద్దరూ కలుసుకునే అవకాశం లేదు. కొందరు ఈ ఒక్క మాటతో కథను కొట్టిపారేస్తారు. అది సరైన విమర్శ అనిపించుకోదు. రెండు శతాబ్దాల దూరాన్ని దాటించి కబీరును తీసుకువచ్చి రామదాసుకు గురువుగా కూర్చోబెట్టవలసిన అవసరం ప్రజలకు ఎందుకు కలిగింది అన్నది అడగవలసిన ప్రశ్న. రామభక్తుడికి మంత్రం ఇచ్చినవాడు ముసల్మాను కావాలని జనం కోరుకున్నారు. అంతకంటే సాహసమైన కల్పన మరొకటి వుంది. పన్నెండేళ్లు చెరలో మగ్గిన భక్తుడికి దొరకని దర్శనం తానీషాకు దొరికింది. అందుకు రామదాసు విలపించాడని కథ చెబుతుంది. దేవుడు ఎవరికి కనబడాలన్నది మతం నిర్ణయించదని ఈ జానపద కల్పన ఎంత సులువుగా చెప్పిందో చూడండి. భద్రాద్రి కల్యాణంలో తలంబ్రాలకు గులాలు కలపటం, రాజ్యం తరఫున ముత్యాలు పంపటం తానీషా నుంచే వచ్చాయని జనం చెప్పుకుంటారు. నిజాములు పోయిన తర్వాత ప్రభుత్వాలు ఆ ముత్యాలను పంపుతూనే వున్నాయి.

కానీ మన మూడు ప్రశ్నలు వేస్తే ఈ కథలోని లోటు కూడా బయటపడుతుంది. దమ్మక్క మొదట కనిపించి మాయమవుతుంది. గుడి కట్టాక ఆమెకు అందులో ఏ స్థానం దక్కింది? ఆమె ఏ భాషలో ప్రార్థించింది? పందిరి కింద దేవుడు గోపురం కిందికి మారినప్పుడు ఆమె ఏమనుకున్నది? కథకు ఈ ప్రశ్నలతో పని లేదు. కబీరు సంగతి కూడా అంతే. అసలు కబీరు మగ్గం మీద కూర్చుని పండితుణ్ణీ, ముల్లానూ ఇద్దరినీ నిలదీసినవాడు. ఇక్కడ ఆ నిలదీత లేదు. మగ్గాన్ని ఇంటి దగ్గర వదిలి, మంత్రం ఒక్కటి పట్టుకుని వచ్చాడు. పూజారులు గుడిలోకి రానివ్వలేదన్న ఘట్టం వున్నా, అది మహిమతో తీరిపోతుందే గాని వాదనతో తీరదు.

అన్నిటికంటే పెద్ద మౌనం రైతుది. గుడికి పెట్టిన సొమ్ము ఎవరిది? పాల్వంచ పరగణాలో దున్నుకుని బతికేవాళ్ల దగ్గర వసూలైన శిస్తు. తర్వాత శ్రీరాముడు అప్పు తీర్చాడు. ఎవరికి? సుల్తానుకు. సుల్తాను సొమ్ము సుల్తానుకు చేరింది, గుడి గుడిగా నిలిచింది, గోపన్న విడుదలయ్యాడు. రైతు కట్టిన శిస్తు మాత్రం రెండు చేతులు మారి, చివరకు ఎవరి ఖాతాలోనూ లేకుండా పోయింది. మత సామరస్య కథగా మనం చెప్పుకునే దీని అడుగున వున్నది రాజ్యానికీ దాని అధికారికీ మధ్య లెక్కల తగాదా. ఆ తగాదా తీర్చటానికి దేవుడు దిగివచ్చాడు గాని, శిస్తు మాఫీ చేయటానికి దిగిరాలేదు. రాజ్యాల తగాదాలకు మతం కారణం కాదనటానికి తానీషా చివరి దినాలే సాక్ష్యం. 1687లో గోల్కొండను పడగొట్టి అతణ్ణి బందీని చేసినవాడు ఔరంగజేబు. గోపన్నను చెరలో పెట్టిన సుల్తాను 1699లో దౌలతాబాదు చెరలోనే మరణించాడు.

ఈ కథను సినిమాలు ఎట్లా తీసుకున్నాయో కూడా గమనించాలి. 1964లో చిత్తూరు నాగయ్య రామదాసు కథను తెరకెక్కించాడు. 2006లో శ్రీరామదాసు వచ్చింది. రెండోదానిలో దమ్మక్క పాత్ర వుంది. అయినా కథ ఆమెది కాలేదు. ఇప్పుడు దమ్మక్క పేరిట సేవాయాత్ర జరుగుతున్నది. స్మరణ మంచిదే. స్మరించే మాటలు మనవి, స్మరణ పొందే మనిషికి మాట లేదు. అందుకే దీన్ని సంభాషణ అనటానికి వీల్లేదు.

ఆస్థాన సాహిత్యం వైపు చూస్తే కూడా ఇదే పరిమితి కనబడుతుంది. ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెనుగు కావ్యంగా మనం గర్వంగా చెప్పుకునే గ్రంథానికి కృతిభర్త ఒక ముస్లిం సర్దారు. తెలుగుదనాన్ని మతంతో ముడిపెట్టాలని చూసేవాళ్లకు ఈ ఒక్క వాస్తవం చాలు. అయితే ఇది కవికీ ప్రభువుకూ మధ్య నడిచిన మర్యాద. ఒకరు పొగిడారు, మరొకరు పోషించారు. గోల్కొండ కోటలో రాళ్లు మోసినవాడికీ, పటాన్‌చెరువులో దూది ఏకినవాడికీ అందులో చోటు లేదు. చోటు వుండాలని ఆశించటం ఆ కాలానికి అన్యాయం కావచ్చు. ఈనాటి రచయిత మాత్రం అక్కడే ఆగిపోయి, కుతుబ్‌షాహీల ఉదారతను చెప్పి సామరస్యం సిద్ధించిందనుకుంటే అది మన కాలానికి అన్యాయం.

ఆధునిక కాలానికి వస్తే రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి మా భూమి నాటకం. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ఈ నాటకంలో బందగీ పాత్ర వుంది. విసునూరు దేశముఖ్‌ను ఎదిరించి భూమి కోసం నిలబడి హత్యకు గురైన షేక్ బందగీ స్మృతి దాని వెనుక వుంది. ఈ పాత్ర తన మంచితనం రుజువు చేసుకోవటానికి రంగస్థలం మీదికి రాలేదు. తన భూమి అడగటానికి వచ్చింది. దాని నమాజు గురించి ఎవరూ ఉపన్యసించరు. కాదనే హక్కు, తిరగబడే హక్కు దానికి పూర్తిగా వున్నాయి. వూరివాళ్లు అతనితో కలిసింది ఒకే దొర చేతిలో దెబ్బతిన్నందువల్ల. ఆ ఐక్యతకు వేరే బోధ అవసరం రాలేదు. మతాల మధ్య సంభాషణకు ఉమ్మడి పని, ఉమ్మడి పోరాటం ఎంత బలమైన పునాదులో ఈ పాత్ర చూపింది.

రెండోది దాశరథి కృష్ణమాచార్య చేసిన గాలిబ్ గీతాలు. 1925లో చినగూడూరులో పుట్టి, ఖమ్మం ప్రాంతంలో పెరిగి, నిజామును ఎదిరించి జైలుపాలైన కవి దాశరథి. అగ్నిధార కవి ఉర్దూను ద్వేషించివుంటే లోకం అర్థం చేసుకునేది. ఉర్దూ ఆనాడు పాలకుల భాష, కచేరీ భాష, బలవంతంగా నేర్పిన చదువు భాష. దాశరథి మాత్రం ప్రభువును ఎదిరించాడు, భాషను ప్రేమించాడు. ఈ వివేచన మాటల్లో చెప్పినంత తేలిక కాదు. గాలిబ్ గీతాలు వచ్చిన కాలాన్ని కూడా గమనించాలి. అది 1961. నిజాం రాజ్యం పోయి పదమూడేళ్లు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదేళ్లు. ఉర్దూ చేతిలో అధికారం లేదు. ఉర్దూ తెలిసినవాడికి ఉద్యోగం వస్తుందన్న రోజులు పోయాయి. అటువంటి సమయంలో గాలిబును తెలుగులోకి తేవటంలో లాభాపేక్షకు గానీ, ప్రభుభక్తికి గానీ తావు లేదు. ఓడిన పక్షం భాషలో వున్న సంపదను గెలిచిన పక్షం కవి నెత్తిన పెట్టుకోవటం అది.

మన మూడో ప్రశ్నకు ఇక్కడ స్పష్టమైన జవాబు దొరుకుతుంది. గాలిబు వచ్చాక తెలుగు కవిత్వ భాష మారింది. రెండు పాదాల్లో పూర్తయ్యే ఆలోచన, తనను తానే ఎగతాళి చేసుకునే ప్రేమికుడు, దేవుడితో చనువుగా వాదించే ధోరణి తెలుగు పాఠకుడి అనుభవంలోకి వచ్చాయి. గజల్ తెలుగు ప్రక్రియగా నిలదొక్కుకోవటానికి దాశరథీ, తర్వాత సి. నారాయణరెడ్డీ దారి వేశారు. కాశీ నగరాన్ని పొగడుతూ పార్శీలో చిరాగె దైర్ రాసిన గాలిబుకు తెలుగులో దొరికిన ఈ ఆతిథ్యం న్యాయమైనది. అనువాదకుడు పరాయి మాటను ముందు పూర్తిగా వినాలి, తర్వాతనే తన మాట వెతుక్కోవాలి. సంభాషణకు ఇంతకంటే మంచి శిక్షణ లేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. గాలిబు ఢిల్లీవాడు, మహాకవి. అతన్ని గౌరవించటానికి ఎవరికీ అభ్యంతరం వుండదు. గాలిబును తలకెత్తుకుని, తన వీధి చివర వున్న దూదేకుల ఇంటి గురించి ఒక్క వాక్యం రాయని రచయితలు మనలో వున్నారు. ఉర్దూ షాయిరీ మీద మోజు, ఉర్దూ రాని పేద తెలుగు ముస్లిం మీద అజ్ఞానం, రెండూ ఒకే మనిషిలో హాయిగా ఇమిడిపోతున్నాయి.

ఇక డోర్నకల్ సంగతి. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చి 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య అక్కడ కట్టించిన పెద్ద చర్చి 1939 జనవరిలో ప్రతిష్ఠ జరుపుకున్నది. దాని స్తంభాలు దేవాలయ మండపాన్ని తలపిస్తాయి, గుమ్మటాలూ మీనార్లూ మసీదును తలపిస్తాయి. ఇంగ్లండు చర్చిల నమూనా దింపుకోవటం తేలిక అయిన కాలంలో ఆయన ఈ నేల శిల్పాన్ని ఎంచుకున్నాడు. ఆయన సంఘంలో అత్యధికులు మాల మాదిగలు. గుడి గడప తొక్కనివ్వని మనుషులు గుడి స్తంభాల నడుమ కూర్చుని ప్రార్థించారన్నది ఈ శిల్పంలో అందరూ గమనించని అర్థం. కీర్తన విషయంలో కూడా ఇటువంటిదే జరిగింది. అన్నమయ్య, రామదాసుల చేతిలో పెరిగిన కీర్తన ప్రక్రియను పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు క్రీస్తు మీద పాటలకు తీసుకున్నారు. పల్లవి, చరణం, రాగం పాతవి. పాడే మనుషులు కొత్తవాళ్లు. ప్రక్రియలకు మతం లేదన్నది సాహిత్య విద్యార్థి ఇక్కడ నేర్చుకోవాలి.

అజరయ్య నుంచి నేర్చుకోవలసిన మరో పాఠం వుంది. 1930లలో మతమార్పిడి విషయంలో ఆయనకూ గాంధీజీకీ తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చింది. అణగారిన కులాలవాళ్లు మతం మారటాన్ని గాంధీజీ ఒప్పుకోలేదు. అది వాళ్ల హక్కని అజరయ్య వెనక్కి తగ్గలేదు. మన సామరస్య కథల్లో ఈ ఘట్టం రాదు. ఎందుకంటే అందులో ఆలింగనం లేదు. నిజానికి సంభాషణకు ఇదే గట్టి ఉదాహరణ. గౌరవం తప్పకుండా కాదనటం చేతనైనప్పుడే రెండో గొంతు వున్నట్లు లెక్క. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో గబ్బిలం చేత కాశీనాథుడికి కబురు పంపించాడు. అందులో విన్నపం వుంది, నిలదీత కూడా వుంది. రెండూ వున్నాయి కాబట్టే అది ఈనాటికీ నిలిచింది.

ఆ రెండో గొంతు ముస్లింల వైపు నుంచి తెలుగులో బలంగా వినిపించటానికి 1990లు రావలసివచ్చింది. ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ 1991లో వచ్చింది. బాబ్రీ మసీదును 1992 డిసెంబరు 6న కూల్చారు. 1998లో జల్‌జలా కవితా సంకలనం, 2002 గుజరాత్ మారణకాండ తర్వాత మరికొన్ని సంకలనాలు, 2004లో వతన్ కథా సంకలనం వచ్చాయి. చరిత్రలో ఎప్పుడో ఎవరో చేసిన పనులకు తన వొంటి మీద పుట్టుమచ్చలా నేరం ఎందుకు మోయాలన్నది ఖాదర్ ప్రశ్న. యాకూబ్ అవ్వల్ కల్మా మరో అడుగు వేసింది. ముస్లిం అనగానే నవాబూ, షేర్వానీ, ఉర్దూ తలచుకునేవాళ్లకు తెలుగు మాట్లాడే పల్లెటూరి పేద ముస్లింను చూపించింది. ఈ కవిత ముందు తలవంచుకోవలసింది హిందూ మతోన్మాది ఒక్కడే అనుకోవటానికి వీల్లేదు. ముస్లిం సమాజంలోని పైవర్గం కూడా తలవంచుకోవాలి. సామరస్యం పేరుతో మూస పాత్రలు రాసిన అభ్యుదయ రచయితలూ తలవంచుకోవాలి. షాజహానా నఖాబ్ 2005లో వచ్చి, ఆ రెండో గొంతు లోపల కూడా మౌనంగా వున్న స్త్రీని మాట్లాడించింది.

అస్తిత్వవాదం వర్గ ఐక్యతను చీలుస్తుందని ఆనాడు మన శిబిరంలో కొందరు వాదించారు. ఆ వాదన వెనుక వున్న భయం అర్థం చేసుకోదగినదే. కానీ అది చరిత్ర ముందు నిలవదు. యాకూబ్ చూపిన ముస్లిం కూలివాడు, చేతివృత్తులవాడు. అతణ్ణి గుర్తించటం వల్ల వర్గ దృక్పథానికి కొత్త కండ పట్టింది. పైగా ఐక్యత పేరుతో మనం దాచిన సంగతులు తక్కువేమీ కావు. రజాకార్ల దౌర్జన్యాల మీద తెలుగు నవల రాయవలసినంత రాసింది. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు వంటి రచనలు నిజాం పాలనకూ హిందూ దొరలకూ వున్న పొత్తును కూడా చూపించాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు రాజ్యంలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో వేలాది సామాన్య ముస్లింలు చంపబడ్డారు. సుందర్‌లాల్ కమిటీ కనీస అంచనా ప్రకారం మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు. ఆ నివేదిక ప్రజలకు అందుబాటులోకి వచ్చింది 2013లో. తెలుగు సాహిత్యం దీని గురించి పలికింది బహు తక్కువ. ఒక పక్షం గాయాలను మాత్రమే గుర్తుంచుకున్న సాహిత్యం రెండో పక్షంతో ఏ ముఖం పెట్టుకుని మాట్లాడుతుంది? అఫ్సర్ 2023లో 1948 మీద ప్రకటించిన గ్రంథం ఈ మౌనాన్ని భంగపరిచే పనుల్లో ఒకటి.

అఫ్సర్ పరిశోధన మరొక భ్రమను కూడా తొలగించింది. పీర్ల పండుగ చూపించి, మా పల్లెల్లో హిందూ ముస్లిం భేదమే లేదని మనం తేల్చేస్తాం. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల మీద ఆయన 2013లో ప్రకటించిన పుస్తకం ఆ పంచుకున్న భక్తిని ప్రేమతో వివరిస్తుంది. దానితోపాటు అసలైన ఇస్లాం ఏదన్న వాదం వూళ్లోకి వచ్చి పండుగతో ఎట్లా తలపడుతున్నదో కూడా చెబుతుంది. పీరు ఎత్తుకునే చేతులూ, నిప్పుల గుండం తవ్వే చేతులూ, డప్పు కొట్టే చేతులూ ఏ కులాలవో అడగకుండా ఆ పండుగను రాస్తే అది పర్యాటక శాఖ కరపత్రం అవుతుంది. పండుగ నిజం. దానిలోని ఎగుడుదిగుళ్లూ నిజమే. రెండూ రాసినవాడే రచయిత.

చివరగా దమ్మక్క దగ్గరికి రావాలి. ముస్లిం, దళిత గొంతులు తెలుగులో తమ చోటు తాము తీసుకున్నాయి. భద్రాచలం అడవి సంగతి అట్లా లేదు. కోయ భాష ద్రావిడ భాషే, మన భాషకు చుట్టమే. అయినా గుడి వీధుల్లో, కచేరీలో, పాఠశాలలో మాట కలపాలంటే తెలుగు నేర్చుకోవలసింది ఆమే. మనం ఆమె భాష నేర్చుకోలేదు. 2014లో పోలవరం ముంపు పేరిట భద్రాచలం చుట్టూ వున్న మండలాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి బదలాయించారు. గుడి ఇటువైపు వుండిపోయింది, గుడి భూములు గల పురుషోత్తపట్నం అటువైపు పోయింది. దేవుడి భూముల సంగతి పత్రికలకెక్కింది. వూళ్లు మునిగే కోయలూ కొండరెడ్లూ ఆ చర్చలో ఎంతసేపు మాట్లాడారు? పందిరి కింద మొదలైన మౌనం ఈనాటికీ తెగలేదు.

కనుక సామరస్యం మీద రాయబోయే యువ రచయితలు చేయదగిన పనులు కొన్ని వున్నాయి. ముస్లిం పాత్రను రాస్తున్నప్పుడు అతనికి కోపం ఇవ్వండి, అప్పు ఇవ్వండి, ఇంటి తగాదా ఇవ్వండి. అతని చేత ఎవరి ప్రాణమూ కాపాడించకుండా కథ నడపగలరేమో చూడండి. క్రైస్తవుడిని కథలోకి తెస్తే అతని కులాన్నీ, మతం మారటం వెనుక వున్న ఆత్మగౌరవాన్నీ దాచకండి. ఉర్దూ లిపి నేర్చుకోవటానికి ఆర్నెల్లు చాలు. కోయ మాట వినటానికి వైరా నుంచి ఒక పూట ప్రయాణం చాలు. విద్యార్థులు రామదాసు చరిత్ర మీద వ్యాసం రాసేటప్పుడు కీర్తనల రాగాల దగ్గర ఆగకుండా శిస్తు లెక్క కూడా అడగాలి.

శ్రీరామనవమి నాడు ప్రభుత్వం ముత్యాలు పంపుతుంది, గులాలు కలిసిన తలంబ్రాలు జనం ఇళ్లకు తీసుకుపోతారు. ఆ ఎర్రని గింజల్లో ఒక ముసల్మాను సుల్తాను జ్ఞాపకం వుంది. దాన్ని చెరిపేయాలని చూసేవాళ్ల నుంచి కాపాడుకోవటం మన బాధ్యత. అయితే సుల్తాను జ్ఞాపకంతో పాటు, ఆ గింజలు పండించినవాడి పేరూ, పందిరి వేసినదాని మాటా మన సాహిత్యంలోకి వచ్చినప్పుడే అది ఇద్దరి సంభాషణ అవుతుంది.